మావయ్య డబ్బాలో పదకొండు దొంగెరలు

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ మల్కాపురంలో మా ఇంటి మీద రెండు రేకులు లేపుకుపోయింది. మర్నాడు అటక మీద సామాను దింపుతుంటే, తడిసిన గోనెసంచుల కింద తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి దొరికింది. మూత రాలేదు. స్క్రూడ్రైవరు పెట్టి లేపితే లోపల మా మావయ్య గాలాలు. ఆయన పోయి అప్పటికి ఇరవై మూడేళ్ళు.

మావయ్య షిప్‌యార్డులో ఖలాసీ. 1948 మార్చి 14న నెహ్రూ వచ్చి ‘జల ఉష’ ఓడని నీళ్ళలోకి దించిన రోజు ఆ జనంలో తనూ ఉన్నానని చుట్టాలు వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. నేను అదే యార్డులో ఫిట్టరుగా చేరి 2010లో రిటైరయ్యాను. చిన్నప్పుడు ఆదివారం వస్తే చేపలు పట్టడానికి ఆయన సైకిలు వెనక కూర్చుని యారాడ కొండ దాటేవాణ్ణి. ఎక్కేటప్పుడు ఇద్దరం దిగి తోసేవాళ్ళం, దిగేటప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేవాళ్ళం.

ఎర అంటే చేప తినేది. వానపాము, రొయ్య, కవ్వ చేప ముక్క. డబ్బాలో ఉన్నవి తినేవి కావు. ఇత్తడి రేకు, చెక్క చేప, ఈకల కుచ్చు. చేపని కంటితో మోసం చేసేవి. వాటిని ఆయన ‘దొంగెరలు’ అనేవాడు. లెక్కపెడితే పదకొండు ఉన్నాయి. వాటిని మళ్ళీ నీళ్ళలో వేసి నేను నేర్చుకున్నవి తొమ్మిది మాటలుగా రాస్తున్నాను. చేపల వేటే బతుకుదెరువైన వాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు, సగం వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. ఇంట్లో ఎక్కడో ఇలాంటి డబ్బా ఉన్నవాళ్ళ కోసం ఇది.

1. దొరికిన రోజునే తోమకండి

నేను చేసిన మొదటి తప్పు అదే. డబ్బా తెరిచిన సాయంత్రమే ఒక ఇత్తడి రేకు తీసి చింతపండు పెట్టి తళతళా తోమేశాను. మెరిసింది కానీ దాని మీద ఉన్న గుర్తులన్నీ పోయాయి. రెండోది తోమబోయి ఆగాను. కళ్ళజోడు పెట్టుకుని దీపం కింద తిప్పి చూశాను. ఒక వైపు నల్లగా కిలుం పట్టి ఉంది. రెండో వైపు అంచు మాత్రం అరిగి, సన్నటి గీతలతో నున్నగా ఉంది. అంటే మావయ్య దాన్ని పైపైన లాగేవాడు కాదు, ఇసక తగిలేదాకా దించి అడుగునే ఈడ్చేవాడు. చెక్క చేప తోక దగ్గర నాలుగు పంటి గాట్లు, తల దగ్గర ఒక్కటీ లేదు. దాన్ని కొట్టిన చేప వెనక నుంచి వచ్చింది. ఒకదానికి పాత తంగూసు ముక్క ఇంకా వేలాడుతోంది. ముడి విప్పకుండా చూస్తే దారాన్ని ఐదు చుట్లు చుట్టి, కొసని వెనక్కి దూర్చాడు. నేను ఆ ముడిని చూసే నేర్చుకున్నాను.

రాతపూర్వకంగా మావయ్య ఏమీ వదల్లేదు. ఆయనకి సంతకం తప్ప రాదు. ఆయన నోటుబుక్కు ఆ అరుగుదలే. తోమితే చెరిగిపోతుంది.

2. ముల్లు మార్చండి, ఒళ్ళు మార్చకండి

ఎరకి రెండు భాగాలు. చేపని పిలిచేది ఒళ్ళు, పట్టుకునేది గాలం ముల్లు. ఒళ్ళు ఎంత పాతదైనా పనికొస్తుంది. ముల్లు మాత్రం పాతది పనికిరాదు. ఈ సంగతి నాకు ఒక పార చేప నేర్పింది. చెక్క చేపకున్న మూడు ముళ్ళ గాలాన్ని ఆకురాయితో పదును పెట్టి, గట్టిగానే ఉందనుకుని యారాడ ఒడ్డున వేశాను. పది నిమిషాలు లాగాక పార అలల్లో తెల్లగా కనపడింది. అంతలో తాడు వదులైపోయింది. పైకి తీసి చూస్తే ముల్లు వంగలేదు, మెడ దగ్గర విరిగింది. విరిగిన చోట లోపలంతా ఎర్రటి పొడి.

ముప్పై ఏడేళ్ళు ఓడల దగ్గర పనిచేసినవాడు చెయ్యకూడని తప్పు అది. ఉప్పునీళ్ళలో రెండు వేరువేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉంటే వాటిలో ఒకటి రెండోదాని కోసం తినుకుపోతుంది. ఓడ ప్రొపెల్లరు రాగి కలిసిన లోహం, చుట్టూ ఉన్నది ఉక్కు. అందుకే చుక్కాని దగ్గర, ఓడ అడుగున జింకు దిమ్మెలు బిగించేవాళ్ళం. జింకు తాను కరిగిపోతూ ఉక్కుని కాపాడుతుంది. ఆ జింకు తయారుచేసే ఫ్యాక్టరీ కూడా మా చుట్టుపక్కలే ఉండేది, 2012లో మూతపడింది. ఇత్తడి ఎరకి ఇనప ముల్లు వేసి ఉప్పుతడితో డబ్బాలో పెడితే జరిగేదీ ఇదే. ఇత్తడి బతుకుతుంది, ముల్లు చస్తుంది. అది కూడా లోపలి నుంచి.

కొత్త ముల్లు పాతదాని బరువే ఉండాలి. పెద్దది తగిలిస్తే ఎర నడక చెడుతుంది. నేను పాత ముల్లుని, కొత్త ముల్లుని మా వీధి కంసాలి తరాజులో పెట్టి చూసుకున్నాను. ఆయన నవ్వాడు కానీ డబ్బులు అడగలేదు.

3. బకెట్లో కాదు, తొట్టెలో ఈదించండి

దొంగెర ప్రాణం రంగులో లేదు, ఊపులో ఉంది. ‘ఒరే, సేప రంగు సూసి రాదురా, ఊపు సూసి వత్తాది’ అనేవాడు మావయ్య. ఎర తిన్నగా వస్తే చేప పట్టించుకోదు. కుంటుతూ, పొర్లుతూ, దెబ్బ తిన్న చిన్న చేపలా వస్తే ఆగలేదు.

ఫిన్లాండులో లౌరీ రాపాలా అనే జాలరి 1936లో ఈ ఒక్క సంగతే పట్టుకున్నాడు. పెద్ద చేపలు గుంపంతటినీ వదిలేసి, తేడాగా ఈదుతున్న చిన్నదాని మీదకే దూకుతున్నాయని సరస్సులో చూశాడు. బెండు చెక్కి, చాక్లెట్ల మీది తగరపు కాగితం చుట్టి, ఫొటో నెగటివులు కరిగించి పైన పూతగా పూసి చేప బొమ్మ చేశాడు. ఆయన పేరుతోనే ఇవాళ ప్రపంచమంతా ఆ ఎరలు అమ్ముడవుతున్నాయి. మావయ్యకి రాపాలా పేరు తెలిసే అవకాశమే లేదు. కానీ డబ్బాలో ఒక చెక్క చేపకి సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితం అతికించి, పైన వార్నీషు పూసి ఉంది.

పాత ఎరని వాడే ముందు నీళ్ళ తొట్టెలో ఈ కొస నుంచి ఆ కొసకి లాగి చూడండి. బకెట్లో తెలియదు, ఎర నడక అందుకునేలోపే అంచు తగులుతుంది. నా చెక్క చేప ఒకటి ఎప్పుడూ ఎడమకే పోయేది. ముక్కు దగ్గరి తీగ వంగిందని నాలుగు రోజులకి కనిపెట్టాను. ఎర ఎడమకి పోతుంటే తీగని గోరంత కుడికి వంచాలి. గోరంతే. పటకారుతో బలం చూపిస్తే పాత చెక్క పగులుతుంది.

4. ఇంట్లో దొరికేవాటిని చిన్నచూపు చూడకండి

పదకొండింటిలో మూడు ఈకలవి. సీసం గుండుకి వెనక ఎర్ర పట్టుదారం చుట్టి, కోడిపుంజు మెడ ఈకలు కట్టినవి. వాటిని చూసి మా మనవడు ‘ఇదేంటి తాతా, చెవి శుభ్రం చేసుకునేదా?’ అన్నాడు. వాడి దగ్గర ఆన్‌లైన్‌లో తెప్పించిన రబ్బరు రొయ్యలున్నాయి.

వాడికి చెప్పిందే మీకూ చెబుతాను. సుమారు 1800 ఏళ్ళ కిందట రోమన్ రచయిత ఏలియన్, మాసిడోనియాలో ఒక నది దగ్గరి జాలర్ల గురించి రాశాడు. వాళ్ళు ముల్లుకి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ దగ్గరి ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవారట. ఎక్కడి మాసిడోనియా, ఎక్కడి మల్కాపురం! ఎరుపు, పుంజు ఈక రెండు చోట్లా ఒక్కటే. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు. నీళ్ళలో ఈక ఎలా ఊపిరి తీసినట్టు విచ్చుకుని ముడుచుకుంటుందో ఇద్దరూ కళ్ళారా చూశారు, అంతే. మన దక్షిణాదిలో కూడా కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో రాసిన ‘మానసోల్లాసం’లో గాలంతో చేపలు పట్టే వినోదానికి చోటిచ్చాడు.

ఈకల్ని పురుగులు తింటాయి. మూడింటిలో రెండిటికి ఈనెలే మిగిలాయి. పాత దారం విప్పి, చుట్టిన తీరు చూసుకుని, పండగకి కోసిన పుంజు ఈకలతో మళ్ళీ కట్టాను. నేను కట్టినవి మావయ్య కట్టినంత అందంగా లేవు. చేపలు పడ్డాయి.

5. సముద్రాన్ని చూశాక డబ్బా తెరవండి

కుర్రకారు ముందు ఎర కట్టి తరవాత నీళ్ళకేసి చూస్తారు. తిరగెయ్యాలి. ఒడ్డున పది నిమిషాలు ఊరికే కూర్చోండి. పక్షులు ఎక్కడ దూకుతున్నాయి? కవ్వళ్ళు ఎటు మెరుస్తున్నాయి? నీళ్ళు బురదగా ఉన్నాయా, తేటగా ఉన్నాయా? గెడ్డల నీరు కలిసి సముద్రం ఎర్రబడిన రోజుల్లో ఇత్తడి రంగువి, గట్టిగా ఊగేవి నాకు పనిచేశాయి. తేట నీళ్ళలో వెండి రంగువి, చిన్నవి. అందుకే మొదటి పాఠం అయ్యాక ఇత్తడి రేకుల్ని ఒక వైపే తోమడం మొదలుపెట్టాను. తిరిగినప్పుడల్లా ఒకసారి మెరుస్తుంది, ఒకసారి ఆరిపోతుంది. నిజం చేప పొర్లినా అంతే కదా.

మన తీరానికి ఒక అదృష్టం ఉంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ విశాఖ దగ్గర నీళ్ళ నడకని పరిశీలించాడు. ఎండలు ముదిరే కాలంలో, గాలి తీరం వెంట వీచినప్పుడు పైనీరు లోపలికి జరిగి, అడుగు నుంచి చల్లటి నీరు పైకి ఉబుకుతుంది. ఆ నీళ్ళతో పాటు సత్తువా పైకి వస్తుంది. దాన్ని తినే సన్నజీవులు, వాటి కోసం కవ్వళ్ళు, కవ్వళ్ళ కోసం పారలు, కోనాలు, సూరలు. ఇది మావయ్య మాటల్లో చెప్పాలంటే, ‘నీళ్ళు సల్లగా తగిల్తే గాలం తియ్యి.’ కాళ్ళు తడిపి చూసేవాడు.

6. నీళ్ళు ఎవరివో తెలుసుకోండి

మావయ్య రోజుల్లో రేవు లోపలి ఉప్పుటేర్లలో గాలం వేసేవాళ్ళు. ఇప్పుడు ఆ వైపు నేవీ, పోర్టు కాపలా. పోతే అడ్డుకుంటారు, అడ్డుకోవడం న్యాయమే. గంగవరం మా అమ్మ పుట్టిల్లు. అక్కడ మేము కూర్చునే రేవు గట్టు 2009లో మొదలైన కొత్త పోర్టులో కలిసిపోయింది. ఇక మిగిలింది యారాడ వైపు ఇసక, రాళ్ళు.

అక్కడ కూడా ముందు హక్కు వేటకి పోయేవాళ్ళది. వల దింపిన చోట గాలం వెయ్యకండి. పాత ముల్లు వలకి తగులుకుంటే ఆ కంతకి ఒక పూట పని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఒడ్డున గాలం వేసేవాణ్ణి ఎవరూ ఏమీ అనరు, అయినా నేను వెయ్యను. బోట్లు కట్టేసుకుని వాళ్ళు వలలు బాగుచేసుకునే ఆ రెండు నెలలూ నేను ముళ్ళు మార్చుకుంటాను, ఈకలు కట్టుకుంటాను.

చెరువుల్లో కొర్రమీను కోసం కప్ప ఎర వేసేవాళ్ళకి ఒక్క మాట. నీళ్ళ మీద ఎర్రటి పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఎర వేస్తే తప్పకుండా కొడతాయి. ఆకలికి కాదు, పిల్లల్ని కాపాడుకోవడానికి. అది పట్టుకోవడం వేట కాదు.

7. పాతదని దండం పెట్టకండి

పాతవన్నీ మంచివి కావు. డబ్బాలో రెండు చెక్క చేపల మీద పాత ఎర్ర రంగు పెచ్చులూడుతోంది. ఆ కాలపు రంగుల్లో సీసం కలిసేది. గరుకు కాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. తడిపి రుద్ది, తుడిచిన గుడ్డ పారేసి, చేతులు కడుక్కున్నాను. సీసం గుండుని పళ్ళతో కొరికి బిగించే అలవాటు మా తరం అందరికీ ఉండేది. పటకారు వాడండి. పిల్లల చేతికి అసలే ఇవ్వకండి.

ఇంకో రకం పిచ్చి కూడా ఉంది. 2003లో అమెరికాలో ఒక వేలంలో, 1859 నాటి హాస్కెల్ అనే ఆయన చేసిన రాగి చేప ఎర లక్ష డాలర్లు దాటి పలికింది. ఇది విని మా అబ్బాయి డబ్బా కేసి కొత్త కళ్ళతో చూశాడు. మన డబ్బాకి ఇనప సామాను కొట్టులో టీ డబ్బులు కూడా రావని చెప్పాను. అది మంచిదే అయింది. ఖరీదైనదైతే బీరువాలో పెట్టేవాళ్ళం. బీరువాలో పెట్టినది వస్తువు, నీళ్ళలో వేస్తేనే అది ఎర.

8. ఇంటికి రాగానే మంచినీళ్ళు

ఇది చిన్న మాటే. వేట ముగిశాక మీరు స్నానం చేసే ముందు ఎరకి చేయించండి. మంచినీళ్ళలో ఐదు నిమిషాలు నానబెట్టి, గుడ్డతో తుడిచి, గాలికి ఆరనిచ్చి, ముల్లుకి చుక్క కొబ్బరినూనె. మూత బిగించిన డబ్బాలో తడివి పెట్టకండి. మావయ్య డబ్బాలో ముళ్ళన్నీ పోవడానికి కారణం ఉప్పు ఒక్కటే కాదు, ఆ బిగుతైన మూత కూడా.

తెగిన తంగూసు ఒడ్డున వదలకండి. నైలాను కుళ్ళదు. చలికాలంలో మన తీరానికి గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వస్తాయి. మనం వదిలిన మూర తాడు చాలు వాటి రెక్కకి చుట్టుకోవడానికి. నా చొక్కా జేబులో ఒక సంచి ఉంటుంది. నాది కాని తాడు కూడా ఏరుకొస్తాను.

9. పిల్లలకి మంచిదే ఇవ్వండి

డబ్బాలో అన్నిటికంటే అందమైనది మావయ్య చేసింది కాదు. వెండి రంగు చెంచా ఎర, వెనక రష్యన్ అక్షరాలు. 1980లలో స్టీలు ప్లాంటు కడుతున్నప్పుడు సోవియట్ నిపుణులు విశాఖలో ఉండేవారు. వాళ్ళలో ఒకాయన యారాడ ఒడ్డున మావయ్యకి తారసపడ్డాడు. ఒకరి భాష ఒకరికి రాదు. ఈకల గాలం ఒకటి మావయ్య ఇచ్చాడు, చెంచా ఆయన ఇచ్చాడు. ఇస్తూ ‘బ్లెస్నా’ అన్నాడట. ఆ ఎరకి వాళ్ళ భాషలో మాట అదే. మావయ్య దాన్ని చేప పేరనుకున్నాడు. బజారులో ‘బ్లెస్నా ఉందా’ అని అడిగి నవ్వులపాలైన కథ మా ఇంట్లో పదిసార్లైనా విన్నాను.

దాన్ని నేను నీళ్ళలో వెయ్యలేదు. ఏడేళ్ళు గుడ్డలో చుట్టి దాచాను. రాపాలా గురించి, బీరువా గురించి మనవడికి అన్ని కబుర్లు చెప్పినవాణ్ణి! ఒకరోజు వాడే అడిగాడు, ‘మరి ఇది ఎందుకు దాచావు తాతా?’ జవాబు లేకపోయింది. కొత్త ముల్లు తగిలించి వాడి చేతికే ఇచ్చాను. మూడో విసురుకి రాళ్ళ సందులో ఇరుక్కుంది. నేను ‘వదులు, వదులు’ అనేలోపే వాడు గట్టిగా లాగాడు. తాడు తెగింది. వాడు నా మొహం చూడలేక సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

నాకు కోపం రాలేదనను. వచ్చింది. చూస్తే తాడు కట్టిన ముడి నాది. ఐదు చుట్లు చుట్టాల్సిన చోట, తొందరలో మూడే చుట్టాను. ఆ సంగతి వాడికి అప్పుడే, అక్కడే చెప్పాను. చెప్పకపోతే వాడు మళ్ళీ గాలం పట్టేవాడు కాదు.

ఇంట్లో పాత గాలాల డబ్బా ఉన్నవాళ్ళని నేను కోరేది ఒకటే. అది మీ తాతదో, మావయ్యదో అయితే అలమరలో అద్దం వెనక పెట్టకండి. ముళ్ళు మార్చండి, తొట్టెలో ఈదించండి, ఒక ఆదివారం నీళ్ళకి తీసుకెళ్ళండి. కొన్ని పోతాయి. పోనివ్వండి. మావయ్య దగ్గర కూడా ఎన్నో పోయి ఉంటాయి, నాకు దొరికినవి పోగా మిగిలినవే.

మా డబ్బా ఇప్పుడు అటక మీద లేదు, వీధి గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద ఉంది. దొరికినప్పుడు పదకొండు. మూడు సముద్రం తీసుకుంది. పోయిన సంక్రాంతి పుంజు ఈకలతో మనవడు ఒకటి కట్టాడు. ఇవాళ్టికి తొమ్మిది.